జెయింట్ వీల్ ఎక్కనన్న పిల్లాడు



జనవరి నెలలో సోమవారం ఉదయం ఫస్ట్ పీరియడ్‌కి ఏ ప్రైమరీ క్లాసులోకి వెళ్లినా అటెండెన్స్ తీసుకోవడం కష్టమే. "మిస్, మేము ఎగ్జిబిషన్‌కి వెళ్లాం!" అని ఒకరు మొదలుపెడితే చాలు. జెయింట్ వీల్ ఎక్కామని ఒకరు, బావిలో బైక్ తిప్పే అంకుల్‌ని చూశామని ఒకరు, చెప్పు తెగిపోయి డాడీ ఎత్తుకున్నారని ఇంకొకరు చెప్తారు. మీలో కొందరు పిల్లల్ని వండర్‌లాకి, కొందరు రామోజీ ఫిల్మ్ సిటీకి తీసుకెళ్తారు. ఎక్కడికి వెళ్లినా చిన్నపిల్లలతో మొదటిసారి గడిపే సాయంత్రం దాదాపు ఒకేలా ఉంటుంది. వారం ముందు నుంచి ఎదురుచూపు, గేటు దగ్గర కేరింతలు, మధ్యలో ఒక ఏడుపు, చివర్లో భుజం మీద నిద్ర.

ఈ జనవరిలో మా అక్కావాళ్ల కుటుంబంతో నేను అలాంటి సాయంత్రం ఒకటి గడిపాను. పేరెంట్స్ మీటింగ్‌లో మీరు నన్ను అడిగే చాలా ప్రశ్నలకు ఆ నాలుగు గంటల్లో జవాబులు కనిపించాయి. అందుకే ఈ నెల ఇంగ్లీషు పాఠం పక్కనపెట్టి ఈ విషయం రాస్తున్నాను.

మా అక్కావాళ్లు జనగామలో ఉంటారు. బావ ఇళ్లకు వైరింగ్ పని చేస్తాడు. వాళ్లకు ఇద్దరు పిల్లలు. పెద్దోడికి ఆరేళ్లు, ఒకటో తరగతి. చిన్నదానికి మూడున్నర. నలుగురిలో ఎవరూ అప్పటిదాకా నుమాయిష్ చూడలేదు. ఒక శనివారం అమ్మను కూడా వెంటబెట్టుకుని రైల్లో సికింద్రాబాద్ వచ్చారు. అక్కడి నుంచి మెట్రోలో ఎంజీబీఎస్, అక్కడ రైలు మారి గాంధీభవన్ స్టేషన్‌లో దిగాం. పెద్దోడికి మెట్రోనే మొదటి రైడ్. దిగనని మారాం చేశాడు కూడా.

వెళ్లే దారిలో పిల్లలకు నుమాయిష్ గురించి రెండు ముక్కలు చెప్పాను. మీ పిల్లలకు మీరూ చెప్పండి, ఎందుకంటే ఇది చదువుకు సంబంధించిన కథే. 1938లో ఉస్మానియా విశ్వవిద్యాలయం పట్టభద్రులు కొందరు పూనుకుని పబ్లిక్ గార్డెన్స్‌లో దీన్ని మొదలుపెట్టారు. అప్పటి పేరు నుమాయిష్ మస్నువాత్ ఎ ముల్కీ. అంటే స్థానికంగా తయారైన వస్తువుల ప్రదర్శన. 1946లో నాంపల్లిలోని ఇప్పటి మైదానానికి మారింది. ఏటా జనవరి 1న మొదలై ఫిబ్రవరి 15 దాకా నడుస్తుంది. దీన్ని నడిపే ఎగ్జిబిషన్ సొసైటీ వచ్చిన ఆదాయంతో విద్యాసంస్థలను నడుపుతుంది. ఆ మైదానంలోనే ఉన్న సరోజినీ నాయుడు వనితా మహావిద్యాలయం, కమలా నెహ్రూ పాలిటెక్నిక్ ఆ సొసైటీవే. "అంటే మనం కొనే టికెట్ పైసలతోటి అక్కలు చదువుకుంటరా?" అని పెద్దోడు అడిగాడు. అవునన్నాను. వాడికి ఆ మాట బాగా నచ్చింది.

ఆ మాట నచ్చిన పది నిమిషాలకే టికెట్ కౌంటర్ వచ్చింది. ఐదేళ్ల లోపు పిల్లలకు టికెట్ ఉండదు. బావ నెమ్మదిగా, "చిన్నదానికి మూడు, పెద్దోనికి ఐదు..." అనబోయాడు. పెద్దోడు గట్టిగా, "నాన్నా, నాకు ఆరు! మొన్ననే కేక్ కోసినం గదా!" అన్నాడు. వెనక లైన్లో ఉన్నవాళ్లంతా నవ్వారు. బావ కూడా నవ్వి టికెట్ తీసుకున్నాడు. వాడిని కోప్పడలేదు. అది నాకు బాగా నచ్చింది.

ఈ సంగతి మనందరికీ తెలిసిందే. థీమ్ పార్కుల్లో పిల్లల టికెట్‌ను వయసుతో కాకుండా ఎత్తుతో లెక్కగట్టే చోట్లు చాలా ఉన్నాయి. అక్కడ కౌంటర్ దగ్గర "కొంచెం మోకాళ్లు వంచి నిలబడు" అని చెప్పే తల్లిదండ్రులను చూశాను. అదే పిల్లాడు గంట తర్వాత పెద్ద రైడ్ దగ్గర ఎత్తు కొలిచే బోర్డు ముందుకు వస్తే, "కొంచెం మునివేళ్ల మీద లేచి నిలబడు" అని చెప్పేదీ వాళ్లే. మొదటిది మనకు మిగిలే నాలుగు డబ్బుల సంగతి. రెండోది ప్రమాదం. ఆ రైడ్‌లో నడుము మీదికి వచ్చే కడ్డీని, భుజాల మీది పట్టీని ఫలానా ఎత్తు ఉన్న మనిషిని దృష్టిలో పెట్టుకుని తయారు చేస్తారు. అంతకంటే చిన్న శరీరం అందులోంచి జారే అవకాశం ఉంటుంది. రెండింటికీ మించిన నష్టం ఇంకోటి ఉంది. బోర్డు మీద రాసి ఉన్నది మనకు వర్తించదని పిల్లాడు ఒకే రోజున రెండుసార్లు నేర్చుకుంటాడు. తర్వాత ఎగ్జామ్ హాల్లో ఆ పాఠం గుర్తొస్తే మనం ఆశ్చర్యపోకూడదు.

లోపలికి వెళ్లాక మొదటి గంట అంతా షాపులే. కశ్మీరీ డ్రై ఫ్రూట్స్, లక్నో చికన్ కుర్తాలు, ఖుర్జా పింగాణీ, గాజులు. అక్క పెద్దోడి చెయ్యి పట్టుకుని ప్రతి షాపు ముందూ ఆపింది. "వాట్ ఈజ్ దిస్? చెప్పు నాన్నా, చిన్నమ్మ వింటుంది గదా, ఇంగ్లీషుల చెప్పు." వాడు మొదటి రెండు చెప్పాడు. మూడో షాపు దగ్గర కిందికి చూశాడు. నాలుగో షాపు దగ్గర "నాకు కాళ్లు నొస్తున్నయి" అన్నాడు.

కాళ్ల నొప్పి కాదది. అక్కతో ఆ మాటే అన్నాను. "అక్కా, నేను పొద్దున్నుంచి సాయంత్రం దాకా చేసే పని అదే. నాకు ఈ రోజు సెలవు, వాడికీ ఇద్దాం." అక్క నవ్వేసి వదిలేసింది. కాసేపటికి వాడే ఒక కశ్మీరీ షాపు దగ్గర ఆగి అక్రోట్ కాయను చేతిలోకి తీసుకున్నాడు. "ఇది చెట్టుకు కాస్తదా, భూమిలనా?" అని అడిగాడు. షాపాయన హిందీలో జవాబిచ్చాడు, అమ్మ దాన్ని తెలుగులో చెప్పింది. "మరి లోపల మెదడు లెక్క ఎందుకున్నది?" "ఇంత గట్టిగున్నది, చిట్టెలుక ఎట్ల తింటది?" ఇలా వరుసగా నాలుగు ప్రశ్నలు. షాపాయన ఒక కాయ పగలగొట్టి వాడి చేతిలో పెట్టాడు.

పేరెంట్స్ మీటింగ్‌లో మీరు తరచూ అడిగే ప్రశ్న ఇక్కడ గుర్తొచ్చింది. "మేడమ్, బయటికి తీసుకెళ్లినప్పుడు కూడా ఇంగ్లీషులోనే మాట్లాడించాలా?" ఇంగ్లీషు చెప్పి జీతం తీసుకునే మనిషిగా చెప్తున్నాను, అవసరం లేదు. చూడటం, అడగటం, ఆశ్చర్యపోవడం ముందు ఇంటి భాషలో జరగనివ్వండి. చెప్పడానికి ఏదో ఒకటి లోపల ఉన్న పిల్లాడికి ఇంగ్లీషు మాటలు అందించడం మాకు తేలిక. లోపల ఏమీ లేని పిల్లాడికి మాటలు ఎన్ని నేర్పినా అవి డిక్టేషన్ నోట్‌బుక్ దాటవు.

ఇక జెయింట్ వీల్ సంగతి. పెద్దోడు వారం రోజులుగా స్కూల్లో, వీధిలో అందరికీ చెప్పుకున్న రైడ్ అది. బావ నాలుగు టికెట్లు తెచ్చాడు. అక్కకు, నాకు, తనకు, పెద్దోడికి. చిన్నదాన్ని అమ్మ కింద చూసుకుంటానంది. లైన్లో ముందుకు వెళ్తున్నకొద్దీ వాడి మాటలు తగ్గాయి. చక్రం కిందికి వచ్చాక తల పూర్తిగా వెనక్కి వంచి పైకి చూశాడు. తర్వాత చాలా మెల్లగా, "నేను ఎక్క" అన్నాడు.

"ఏమైతది రా? అందరు ఎక్కుతలేరా?" అన్నాడు బావ.

"ఒద్దు నాన్నా."

"పైసలు పెట్టి టికెట్ కొన్నంక ఎక్కనంటవేంది? జనగామ నుంచి గింత దూరం దీనికే వస్తిమి గదా. మొగపిల్లగానివి, భయమేంది నీకు?"

వాడి కళ్లలో నీళ్లు తిరిగాయి. వెనక లైన్లో ఉన్నవాళ్లు తొందరపెడుతున్నారు. బావ వాడి చెయ్యి పట్టుకుని ఒక అడుగు ముందుకు లాగాడు. బావ మంచివాడు. పిల్లల మీద చెయ్యెత్తడం నేను ఎప్పుడూ చూడలేదు. కానీ ఆ క్షణంలో ఆయన మీద పడుతున్న బరువు నాకు అర్థమైంది. ఒక రోజు పని పోయింది, రైలు చార్జీలు అయ్యాయి, పది మంది చూస్తున్నారు. పిల్లాడు నవ్వుతూ ఎక్కితేనే ఆ ఖర్చంతా సార్థకమైనట్టు. మనలో చాలామందికి ఈ లెక్క తెలుసు. ఫీజు కట్టినప్పుడు కూడా మనం ఇదే లెక్క వేస్తాం.

అప్పుడు అమ్మ కల్పించుకుంది. "అల్లుడా, పోరడు ఒద్దంటుండు గదా, ఇడిసిపెట్టుండ్రి. నాకు గూడ దాన్ని చూస్తేనే కండ్లు తిరుగుతున్నయి. మేం ముగ్గురం ఈడ కూసోని మక్కకంకులు తింటం. మీరు పొయి రాండ్రి." వాడు వెంటనే చెయ్యి విడిపించుకుని అమ్మమ్మ పక్కకు వెళ్లిపోయాడు. మేం ముగ్గురం ఎక్కాం. ఒక టికెట్ మిగిలిపోయింది.

పైకి వెళ్లాక చక్రం ఒకచోట ఆగింది. కింద లైట్లు, జనం, పిల్లల రైలు గీసిన గీతలా కనిపిస్తున్నాయి. బావ రెండు చేతులతో కడ్డీ పట్టుకుని కూర్చున్నాడు. కాసేపు ఎవరం మాట్లాడలేదు. తర్వాత ఆయనే అన్నాడు, "నాకు ఏడేండ్లున్నప్పుడు మా నాయిన ఈత నేర్పుతనని బాయిల ఏసిండు. నడుముకు బెండు కట్టిండు గని, నాకు అప్పుడు తెల్వది బెండు తేలుతదని. సస్తున్న అనుకున్న."

"ఈత వచ్చిందా బావా?" అని అడిగాను.

"వచ్చింది. గని ఆ బాయి దిక్కు ఇప్పటికీ పోను."

అక్క ఆయన వైపు చూసింది. పెళ్లయి ఎనిమిదేళ్లు, ఆ మాట తనకు కూడా ఎప్పుడూ చెప్పలేదట. చక్రం మళ్లీ కదిలింది. కిందికి దిగేటప్పుడు కడుపులో ఖాళీ అయినట్టు అనిపిస్తుంది కదా, అప్పుడు ఆయన కళ్లు మూసుకున్నాడు.

దిగాక బావ నేరుగా పెద్దోడి దగ్గరికి వెళ్లాడు. ఆయన సారీ చెప్పలేదు. "చూసినవా, నాకేమన్న అయిందా?" అని కూడా అనలేదు. పక్కన కూర్చుని, వాడి కంకిలో కొంచెం తుంచుకుని, "కింద నుంచి నువ్వు ఏమేం చూసినవ్?" అని అడిగాడు.

వాడు గబగబా చెప్పాడు. "పదకొండు సార్లు తిరిగింది. మీరు నీలం డబ్బాల ఉన్నరు. నాన్నా, నువ్వు కిందికి వచ్చేటప్పుడు కండ్లు మూసుకున్నవ్! ఇంకొకటి నాన్నా, ఆ అన్న అందర్ని వరుసగ ఎందుకు ఎక్కిస్తలేడు? ఒక డబ్బల ఎక్కించి, చక్రం తిప్పి, అవతలి దిక్కు డబ్బల ఎందుకు ఎక్కిస్తుండు?"

బావ ముఖం వెలిగిపోయింది. ఆ ప్రశ్నకు జవాబు ఆయనకు తెలుసు. ఒకవైపే బరువు పడితే చక్రం అటే లాగుతుందని, మోటారు మీద భారం పెరుగుతుందని, అందుకే ఎదురెదురు డబ్బాల్లో జనాన్ని సర్దుతారని చెప్పాడు. రెండు వేళ్ల మధ్య కంకిబెండును అడ్డంగా నిలబెట్టి, ఒక చివర నొక్కితే ఎలా వంగుతుందో చూపించాడు. తర్వాత ఇద్దరూ లేచి మోటారు ఎక్కడుందో చూడటానికి కంచె దాకా వెళ్లారు. పావుగంట అక్కడే ఉన్నారు. 1893లో చికాగో ప్రదర్శనలో మొదటి జెయింట్ వీల్ కట్టిన జార్జ్ ఫెర్రిస్ కూడా ఒక ఇంజినీరేనని నేను చెప్తే, బావ తలూపాడు. ఆ మాట తనకు ముందే తెలిసినట్టు!

చూడండి, భయపడి కింద కూర్చున్న పిల్లాడు పదకొండు చుట్లు లెక్కపెట్టాడు, పైన కూర్చున్న మాకు తట్టని ప్రశ్న వేశాడు. వాడు ఎక్కి ఉంటే కూడా బాగానే ఉండేదేమో, నేను కాదనను. కానీ "ఎక్క" అన్న వాడి మాటను పెద్దవాళ్లు వినడం వల్ల ఆ సాయంత్రం పాడైపోలేదు. వాడు తర్వాత పిల్లల రైలు రెండుసార్లు ఎక్కాడు. మిగిలిన టికెట్ బావ వాడి జేబులో పెట్టాడు. "వచ్చే యేడు ఎక్కుత" అన్నాడు వాడు. ఎక్కుతాడో లేదో నాకు తెలియదు. బావ కూడా అడగలేదు.

మా క్లాసుల్లోనూ ఇలాంటి పిల్లలు ఉంటారు. స్టేజీ మీదికి రమ్మంటే బెంచీని పట్టుకుని కూర్చుంటారు. "మా వాడికి స్టేజ్ ఫియర్ ఎక్కువ మేడమ్, మీరే తోసెయ్యండి" అని మీరు అంటారు. తోసిన పిల్లలు కొందరు ఈత నేర్చుకుంటారు, నిజమే. కానీ ఆ బావి దగ్గరికి మళ్లీ వెళ్తారా అన్నది కూడా మనం చూసుకోవాలి.

తిరిగి వచ్చే ముందు జరిగిన ఇంకో సంగతి చెప్పాలి. మైకులో ఒక అనౌన్స్‌మెంట్ వినిపించింది. పాప తప్పిపోయి వచ్చిందని, ఎర్ర గౌను వేసుకుందని, వయసు నాలుగేళ్లు ఉండొచ్చని చెప్పారు. తర్వాత, "పాప తన పేరు చిన్ని అంటోంది, నాన్న పేరు డాడీ అంటోంది" అన్నారు. చుట్టుపక్కల కొందరు నవ్వారు. అక్క మాత్రం నవ్వలేదు. వెంటనే మోకాళ్ల మీద కూర్చుని మా చిన్నదాన్ని అడిగింది. "నీ పేరేంది?" "చిట్టి." "నీ అసలు పేరు?" జవాబు లేదు. "మమ్మీ పేరేంది?" "మమ్మీ." ఈసారి మేం కూడా నవ్వలేకపోయాం. ఆ పాప తల్లిదండ్రులు వచ్చారని కాసేపటికి మైకులో చెప్పేదాకా అక్క చిన్నదాన్ని చంక దించలేదు.

సోమవారం నా ఒకటో తరగతిలో అందరినీ అడిగాను. మీ మమ్మీ పూర్తి పేరు చెప్పండి, డాడీ ఫోన్ నంబర్ చెప్పండి అని. రైమ్స్ అన్నీ తడుముకోకుండా చెప్పే పిల్లలు ఇక్కడ ఆగిపోయారు. ఒక బాబు చాలా ధైర్యంగా, "మిస్, మా మమ్మీ పేరు 'ఇదిగో'. డాడీ అలాగే పిలుస్తారు" అన్నాడు. క్లాసంతా నవ్వింది, నేనూ నవ్వాను. ఆ రోజు హోంవర్క్ మాత్రం అదే ఇచ్చాను. ఫోన్ నంబర్‌ను ఒక రైమ్ ట్యూన్‌లో పాడించాం. వారంలో చాలామందికి వచ్చేసింది.

మీరు కూడా పిల్లలతో ఇలాంటి చోటుకు మొదటిసారి వెళ్తుంటే ఈ నాలుగు పనులు చేసి బయల్దేరండి.

ఒకటి, మీ పూర్తి పేర్లు, ఒక ఫోన్ నంబర్ పిల్లలకు నోటికి రానివ్వండి. రానంత చిన్నవాళ్లయితే కాగితం మీద రాసి జేబులో పెట్టండి. బయల్దేరే ముందు ఆ రోజు బట్టల్లో ఒక ఫొటో తీయండి. తప్పిపోయినప్పుడు ఏ రంగు గౌను వేశామో కంగారులో మనకే గుర్తుండదు.

రెండు, లోపలికి వెళ్లగానే అందరూ కలుసుకునే చోటు ఒకటి చూపించండి. తప్పిపోతే అటూ ఇటూ పరిగెత్తకుండా ఉన్నచోటే ఆగమని, యూనిఫాంలో ఉన్న పోలీసుకో, షాపులో కూర్చున్న ఆంటీకో చెప్పమని నేర్పండి.

మూడు, ఎన్ని బొమ్మలు, ఎన్ని రైడ్లు అన్నది ఇంట్లోనే చెప్పండి. మా బావ రైల్లోనే "ఒక్కొక్కరికి ఒక్క బొమ్మ" అని చెప్పాడు. అందుకే పెద్దోడు విల్లు, బాణం ముందు పది నిమిషాలు నిలబడి, చివరికి తనంతట తానే గాలిపంకా ఎంచుకున్నాడు. అక్కడికక్కడ "డబ్బుల్లేవు" అని కసిరితే పిల్లలు సిగ్గుపడతారు. ముందే చెప్తే లెక్క నేర్చుకుంటారు.

నాలుగు, పిల్లలు అలసిపోకముందే తిరుగు ప్రయాణం కట్టండి. కట్టిన డబ్బుకు అన్నీ చూడాలని పది గంటల దాకా తిప్పితే, వాళ్లకు గుర్తుండేది చివరి అరగంట ఏడుపే.

మర్నాడు పొద్దున పెద్దోడు ఇడ్లీ తింటూ నిన్నటి కథంతా తెలుగులో చెప్పాడు. నేను పక్కన కూర్చుని మూడు వాక్యాలు ఇంగ్లీషులో రాసి ఇచ్చాను. "ది వీల్ వెంట్ రౌండ్ లెవెన్ టైమ్స్. మై ఫాదర్ వాజ్ ఇన్ ద బ్లూ బాక్స్. హి క్లోజ్డ్ హిజ్ ఐస్." వాడు వాటిని తప్పుల్లేకుండా చదివి, చూడకుండా రాసి, వాళ్ల నాన్నకు చూపించాడు. ఎవరూ "వాట్ ఈజ్ దిస్" అని అడగకుండానే.

ఈ సంచిక మీ చేతికి అందేసరికి నుమాయిష్ ముగియడానికి ఇంకా కొన్ని రోజులు ఉంటాయి. వీలైతే ఒక సాయంత్రం వెళ్లి రండి. మర్నాడు క్లాసులో మీ పిల్లలను నేను ఎన్ని రైడ్లు ఎక్కారని అడగను. ఏం చూశారని అడుగుతాను. ఇంటి దగ్గర మీరూ అదే అడగండి.

మీ
ఇంగ్లీషు టీచర్, ప్రైమరీ విభాగం